చాటలో పరిచిన థియరీ

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకు రెండేళ్లుగా చెప్తున్నాను. ఆమెకు అర్థం కాలేదని అనుకోవడమే నా పరువుకు మంచిది. ఒకసారి మాత్రం వీలైనంత తేలిక మాటల్లో చెప్పి చూశాను.

"ఊర్లల్ల సంస్థలు ఏవో పనులు చేస్తయి గదమ్మా. ఆ పనితోని మంచైందా, కాలేదా అని మేం పోయి చూసి రాస్తం."

అమ్మ చాట మీద నుంచి తల ఎత్తలేదు. "చేసినోళ్లకు ఎర్క లేదా?"

"ఉంటది. గని వాళ్లు మంచైందనే అంటరు."

"చేపిచ్చుకున్నోళ్లకు?"

"వాళ్లు గూడ మంచైందనే అంటరు."

"మరి నువ్వెందుకురా?"

మూల్యాంకనం అనే వృత్తి మీద ఇంతకంటే గట్టి ప్రశ్న నేనింకా వినలేదు. జవాబు నా దగ్గర లేకపోలేదు. ఉంది. దాని పేరు థియరీ. కానీ అమ్మ అప్పటికే బీడీకి దారం చుట్టి ముడి వేసేసింది. నా ఉద్యోగానికి కూడా కలిపే వేసినట్టు అనిపించింది.

మాది జగిత్యాల. అమ్మ నా పుట్టుకకు ముందు నుంచీ బీడీలు చేస్తోంది. తునికాకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, కట్టలు కట్టడం, సాయంత్రం కార్ఖానాలో అప్పగించడం. నేను అక్షరాల కంటే ముందు ఆకు కత్తిరించడం నేర్చుకున్నాను. ఈ అర్హతను నా బయోడేటాలో రాయలేదు. రాసి ఉంటే తర్వాత జరిగినదానికి కొంత సాకు దొరికేది.

థియరీ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేను దాన్ని తిట్టబోతున్నాను. తిట్టేముందు మర్యాద చేయడం మా ఇంటి పద్ధతి. ఏ కార్యక్రమమైనా ఒక నమ్మకం మీద నడుస్తుంది. ఇది చేస్తే అది అవుతుంది, అది అయితే ఇంకొకటి అవుతుంది అని. ఆ నమ్మకాన్ని డబ్బాలుగా, బాణాలుగా గీస్తే థియరీ. అది లేకుండా ఊరికి పోతే మేం కుర్చీలు, ఫ్యాన్లు లెక్కపెట్టుకుని రావాలి. అన్నం పలుకు మీద ఉంటే నీళ్లు తక్కువయ్యాయా, మంట తక్కువయ్యిందా అని ఆలోచిస్తాం కదా, అట్లా ఏ బాణం దగ్గర తేడా వచ్చిందో చూడటానికి థియరీ కావాలి. ఇంతవరకు నేను ఇప్పటికీ నమ్ముతాను. నా గొడవంతా ఆ బాణాలు కదలకుండా సిమెంటు పోసేవాళ్లతోనే.

నాకు అప్పగించిన కార్యక్రమం కోరుట్ల దగ్గర ఒక ఊళ్లో కుట్టు సెంటరు. బీడీలు చేసే ఆడవాళ్లకు కుట్టు నేర్పించే పని. మహిళా సంఘం భవనంలో ఒక పెద్ద గది, వరసగా కుట్టు మిషన్లు, గోడకు నిలువెత్తు ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద థియరీ. మొదటి డబ్బాలో కుట్టు శిక్షణ. అక్కడి నుంచి బాణం రెండో డబ్బాకు: సిరిసిల్ల నుంచి బట్ట, ఆర్డర్లు. అక్కడి నుంచి కుట్టు ఆదాయం. ఆ తర్వాత బీడీలు మానేయడం. చివరి డబ్బాలో ఆరోగ్యం, గౌరవం. మా వృత్తిలో ఏ థియరీ అయినా చివరికి గౌరవం దగ్గరే ఆగుతుంది. బస్సులన్నీ చివరికి డిపోకే చేరినట్టు.

సెంటరు నడిపే టీచరమ్మ సిరిసిల్లలో పుట్టి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. నాకంటే ఐదారేళ్లు పెద్దది. నేను మొదటిరోజు లోపలికి అడుగుపెట్టగానే ఆమె మొహంలో పదో తరగతి ఫలితాల రోజు మొహం కనిపించింది. కారణం ఉంది. నా రిపోర్టు చూసి సెంటరును ఉంచాలా, ఎత్తేయాలా అని తేలుస్తారు. ఉంచితే ఆమె నౌకరి ఉంటుంది. ఎత్తేస్తే పోతుంది. ఈ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు, మిషన్ల ముందు బుద్ధిగా కూర్చున్న ఆడవాళ్లందరికీ నాకంటే బాగా తెలుసు.

ట్యాబ్ తెరిచి ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. పద్నాలుగో ప్రశ్న: బీడీలు చేయడం మానేశారా?

"మానేసినం సారూ," అంది మొదటామె.

"మానేసినం," అంది రెండో ఆమె.

మూడో ఆమెను నేనింకా అడగనే లేదు. "మానేసిన," అంది. ఆ వెనక నుంచి ఒక ముసలమ్మ, కళ్లద్దాల కాడ ఒకదానికి దారం కట్టుకుని ఉంది, "నేను ఎప్పుడో మానేసిన సారూ. బీడీ అంటే ఏందో గూడ యాదికి లేదు," అంది. పక్కనామె ఆమె మోచేతిని గిల్లింది. ఎక్కువ చేయకు అని.

అబద్ధం చెప్పడం వాళ్లకు రాదు. ముసలమ్మ చూపుడువేలి మీద దారం కోసిన సన్నటి గీత ఉంది. గోళ్ల సందుల్లో తంబాకు. గదినిండా తడి తునికాకు వాసన. అది మా ఇంటి వాసన, నాకు నిద్రలో కూడా తెలుస్తుంది. ఇదంతా చాలదన్నట్టు, బట్ట కత్తిరించే బల్లకు కప్పిన దుప్పటి కింద నుంచి ఒక చాట అంచు బయటికి కనిపిస్తోంది. ఇన్‌స్పెక్షన్ రోజున బడిలో పగిలిన పలకలు దాచినట్టు, నేను వస్తున్నానని చాటలన్నీ దాచేశారు.

నేను చేయవలసింది "చాట చూపియ్యుండ్రి" అనడం. నేను చేసింది ట్యాబ్‌లో "అవును" మీద వేలు పెట్టడం. వరసగా అందరికీ. వాళ్లు టీచరమ్మ కోసం అబద్ధం చెప్పారు, నేను వాళ్ల కోసం నొక్కాను. ఒక్క టిక్కుతో ఒకరి నౌకరి నిలబడితే పోయేదేముంది అనుకున్నాను. ఇదీ నా థియరీ. దీనికి డబ్బాలు, బాణాలు గీసుకోలేదు. గీసుకుని ఉంటే అప్పుడే తెలిసేది.

మిగతా ప్రశ్నలు గబగబా అయిపోయాయి. కుట్టు మీద ఆదాయం ఏమైనా వస్తోందా అంటే మాత్రం అందరూ నిజమే చెప్పారు. అది పరీక్షలో వచ్చే ప్రశ్న అని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

"ఏడస్తది సారూ? ఇంట్లోళ్ల జాకెట్లు కుట్టుకుంటున్నం, గంతే."

"ఆర్డర్లు?"

"గవి సిరిసిల్ల నుంచి అస్తయంట. ఎదురు చూస్తున్నం," అంది ముసలమ్మ, సిరిసిల్ల అనేది అమెరికా పక్కన ఉన్నట్టు.

బాణాన్ని సరిచూడటం నా బాధ్యత కాబట్టి మర్నాడు జగిత్యాలలో బస్సెక్కి, వేములవాడలో మారి, సిరిసిల్లలో దిగాను. మరమగ్గాల వీధిలో ఒకాయన షెడ్డు ముందు చాయ్ తాగుతున్నాడు. లోపల మగ్గాలు ఎంత మోత మోగుతున్నాయంటే నేను గవర్నమెంటు మనిషిని కాదని చెప్పడానికే మూడుసార్లు అరవాల్సి వచ్చింది. తర్వాత ఫోన్లో ఫ్లెక్సీ ఫొటో చూపించాను.

"గీ బాణం ఏంది?" అన్నాడు.

"మీ బట్ట కోరుట్ల దిక్కు పోయి, అక్కడ ఆడోళ్లు కుడుతరన్నట్టు."

"మేం నేస్తం తమ్మీ. నేసి అప్పజెప్తం. ఆడికెళ్లి యాడికి పోతదో మాకేం ఎర్క? ఎవరు గీసిండ్రు గిది?"

"హైదరాబాదుల సార్లు."

"ఈడికి అచ్చిండ్రా?"

"వచ్చినట్టు లేరు."

ఆయన చాయ్ చివరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "బాణం మంచిగ గీసిండ్రు గని," అన్నాడు. నాకు కూడా ఒక చాయ్ చెప్పాడు. ఆ పర్యటనలో థియరీ ప్రకారం కాకుండా జరిగిన మంచి పని అదొక్కటే.

లెక్కంతా పంపించిన వారానికి హైదరాబాదు నుంచి మా సారు ఫోన్ చేశారు. సారు దుర్మార్గుడేం కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు ఆయన్ని విలన్ చేసి సుఖపడతారు. ఓపికగా మాట్లాడతారు. ఆ ఓపికే భరించలేం.

"డేటా చూశాను. బీడీలు అందరూ మానేశారు. చాలా పెద్ద మార్పు."

"అవును సర్." గొంతులో కొంచెం గర్వం కూడా పలికించాను.

"కానీ కుట్టు ఆదాయం లేదు. ఆర్డర్లు లేవు. అంటే థియరీలో మధ్య డబ్బాలు జరగకుండానే నాలుగో డబ్బా జరిగింది. దీని అర్థం ఏమిటి?"

నేను ట్యాబ్‌లో పద్నాలుగో ప్రశ్న మళ్లీ తెరిచాను.

"ఉన్న పని పోయింది, కొత్త పని రాలేదు. మనవల్ల ఆ కుటుంబాలకు నష్టం జరిగింది. ఇలాంటి సెంటరును ఇంకో రోజు నడపడం కూడా తప్పు. వెంటనే మూసేయాలని రాయాలి."

సారు లెక్కలో ఎక్కడా తప్పులేదు. చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి ఎవరైనా అదే అంటారు. టీచరమ్మను కాపాడటానికి ఊరంతా కలిసి ఒకే ఒక్క అబద్ధం చెప్పింది. థియరీ దాని చెయ్యి పట్టుకుని డబ్బా నుంచి డబ్బాకు నడిపించి, తీసుకెళ్లి ఆమె నౌకరి మీదే కూర్చోబెట్టింది.

నేను నిజం ఒప్పుకున్నాను. వాళ్లెవరూ బీడీలు మానలేదని, తెలిసే టిక్కు పెట్టానని చెప్పాను. చీవాట్లు నాకు ఇక్కడ రాయాలని లేదు. అన్నీ న్యాయమైనవే.

"సరే. మళ్లీ వెళ్లి సరిచేసుకురా. మానలేదు అంటే అసలు ఫలితమే లేదన్నమాట. అప్పుడు కూడా కొనసాగించమని రాయలేం."

"అంటే మానినా మూసేస్తం, మానకున్నా మూసేస్తమా సర్?"

"థియరీ ప్రకారం అంతే."

"సర్, ఏం జరగకపోతే వాళ్లు రోజూ ఎందుకు వస్తున్నరు మరి? ఆర్డర్లు లేవు, పని లేదు. అయినా గది నిండుతుంది. ఇంకేదో జరుగుతున్నది. అది మన డబ్బాలల్ల లేదు."

"ఏమిటది?"

బీడీల వాసన పసిగట్టగలిగినవాడిని ఆ ఒక్క ప్రశ్న అడగకుండానే వచ్చేశాను. ఫారంలో లేదు కాబట్టి. సిమెంటు పోసేవాళ్లను తిడతానని మొదట్లో అన్నాను కదా, ఆ తాపీ కొంతకాలం నా చేతిలో కూడా ఉంది.

మళ్లీ కోరుట్ల బస్సెక్కాను. ఈసారి చెప్పకుండా వెళ్లాను. మిషన్లకు ముసుగులు వేసి ఉన్నాయి. కింద చాపల మీద గుండ్రంగా ఆడవాళ్లు, ఒళ్లో చాటలు. ఒకరు సెంటరు వాళ్లు ఇచ్చిన కత్తెరతోనే తునికాకు కత్తిరిస్తున్నారు. కుట్టు శిక్షణలో అందరికీ రోజూ పనికివచ్చిన భాగం ఆ కత్తెర. నన్ను చూడగానే చాటలన్నీ ఒక్కసారి బల్ల వైపు కదిలాయి.

"ఊకోండ్రి," అన్నాను, "మా అమ్మ గూడ బీడీలే చేస్తది. మొన్న వచ్చినప్పుడే నాకు ఎర్కైంది."

ముసలమ్మ కళ్లద్దాలు సర్దుకుంది. "ఎర్కైతే మరి మానేసిండ్రని ఎందుకు రాస్కున్నవ్?"

"మీరు చెప్పిండ్రని."

"మేం టీచరమ్మ కోసం జెప్పినం. నీకేం రోగం?"

జరిగింది చెప్పాను. మానేశారని రాస్తే ఏమైందో, మానలేదని రాస్తే ఏమవుతుందో. చుట్టడం ఆగిపోయింది. టీచరమ్మ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. వచ్చి వాళ్ల మధ్యనే కూర్చుంది.

"సరే, గిప్పుడు చెప్పుండ్రి," అన్నాను. "ఈ సెంటరుతోని మీకు ఏమైతున్నది? కుట్టుడు సంగతి పక్కకు పెట్టుండ్రి."

"ఏమైతది? ఈడ కూసుండి బీడీలు చేసుకుంటం."

"ఇంట్ల గూడ కూసుంటరు గదా."

"ఇంట్ల ఒక్కదాన్ని కూసుంట," అంది కత్తెర పట్టుకున్నామె, ఇంత చిన్న సంగతి కూడా తెలియదా అన్నట్టు. "ఒక్కదాన్ని కార్ఖానకు కట్టలు పట్టుకపోతే, ఆడ చూసి తీస్కునేటోడు గిది సన్నగుంది, గిది వంకరుందని సగం పక్కకు పారేస్తడు. అడుగనీకి నోరు రాదు. గిప్పుడు ఈడనే ఒకరి కట్టలు ఒకరం చూసుకుంటం, బాగలేనియి ఈడనే తీసేస్తం. అందరం కలిసే పోతం. ఇంతమందిని చూసి వాడు నవ్వుకుంట తీస్కుంటడు."

"నవ్వకపోతే మేమే నవ్విపిస్తం," అంది ఇంకొకామె.

నేను నోట్‌బుక్ తీశాను. డబ్బాలు గీయబోతుంటే ముసలమ్మ నా చేతిమీద కొట్టింది. "నాకు గా రాత కనవడదు. ఈడ పెట్టు." తన చాట ఖాళీచేసి నా ముందుకు తోసింది. కత్తిరించిన ఆకు ఒకటి అందులో పెట్టింది. "గిది సెంటరు." ఇంకో ఆకు. "గిది మేం కూసునుడు." మధ్యలో దారం ముక్క వేసింది. నేను మూడో ఆకు పెట్టి, "గిది కార్ఖానకు కలిసి పోవుడు" అంటూ దారం కలిపాను.

"తప్పు," అంది కత్తెర ఆమె. "కట్టలు చూసుకునుడు ముందు. చూసుకోకుండ పోతే అందరం కలిసి తిట్లు తింటం." ఆకు జరిపింది. ఇంకొకరు ముసలమ్మ పేరున అడ్డంగా మరో ఆకు పెట్టారు. ముసలమ్మకు కళ్లు సరిగా ఆనవు, ఆమె ఆకులు ఇప్పుడు వీళ్లే ఏరి ఇస్తున్నారు, ఇంట్లో ఉంటే ఆమె ఈపాటికి పని విడిచిపెట్టేది. "నన్ను బోర్డు మీద పెడుతున్నవా?" అంటూనే ముసలమ్మ ఆ దారాన్ని తనే సరిచేసింది.

రెండేళ్లలో నేను హైదరాబాదులో చాలా వర్క్‌షాపుల్లో కూర్చున్నాను. సమోసాలు తిని, రంగు కాగితాలు గోడకు అంటించి వచ్చాను. ఒక బాణం తప్పని చెప్పి, చేత్తో తీసి, ఇంకోచోట పెట్టడం మాత్రం ఆ చాటలోనే మొదటిసారి చూశాను.

టీచరమ్మ ఆకుల వంక చూసి, "గిండ్ల నేనెక్కడున్న తమ్మీ?" అంది.

నిజమే. ఫ్లెక్సీలో ఆమె "కుట్టు శిక్షణ" అనే డబ్బా. చాటలో "సెంటరు" అనే ఆకు. మనిషిగా ఎక్కడా లేదు.

"నేను గీ ఊరికి అచ్చి ఆరేండ్లు బీడీలే చేసిన," అంది. "ఇదే సెంటర్ల మొదటి బ్యాచ్ల కుట్టు నేర్సుకున్న. తర్వాత నన్నే టీచర్ని జేసిండ్రు. చాట అటుక మీద పడేసిన. నన్నెవరు అడుగలే, మానేసినవా అని."

అడగలేదు. ఎందుకంటే ఆమె సిబ్బంది. సిబ్బంది లబ్ధిదారుల జాబితాలో ఉండరు. ఫ్లెక్సీ మీది థియరీ అక్షరాలా నెరవేరింది ఆ ఊళ్లో ఒకే ఒక్క మనిషిలో. ఆ మనిషిని లెక్కలోకి తీసుకోకూడదని మా నియమం.

రిపోర్టు తిరిగి రాశాను. చాట ఫొటో పెట్టాను, ఆకులకు పేర్లు రాశాను, ఏ దారం ఎందుకు కదిలిందో వివరించాను. టీచరమ్మ సంగతి వేరే పేరాలో పెట్టాను. సారు చదివారు. నిజంగానే చదివారు.

"ఆసక్తిగా ఉంది," అన్నారు. మా ఆఫీసులో ఈ మాట వినపడితే పని అయిపోయినట్టే. "కానీ థియరీ మొదట్లోనే డబ్బిచ్చినవాళ్లు ఆమోదించారు. ఇప్పుడు కొత్త థియరీ అంటే పరీక్ష రాశాక ప్రశ్నపత్రం మార్చమన్నట్టు ఉంటుంది."

"సర్, మనం తెలుగు పరీక్షకు లెక్కల పేపర్ ఇచ్చినం."

"అయితే వచ్చే కార్యక్రమానికి ఇది పాఠం. అనుబంధంలో పెట్టు."

"కానీ సర్..."

"ఇంకో మాట. బీడీలు చేసుకోవడానికి తోడు కూర్చోవడం కోసం బీడీలు మాన్పించే సంస్థ డబ్బు ఎందుకిస్తుంది?"

నన్ను ఎవరూ అడగకూడదనుకున్న ప్రశ్న అది, ఆయనే అడిగేశారు. నా కోపం ఎవరి మీద తీర్చుకోవాలో కూడా తెలియలేదు. చాట అనుబంధంలోకి పోయింది. అనుబంధం అంటే మా వృత్తిలో అటక.

సెంటరు ఎత్తేసే రోజు వెళ్లాను. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. ట్రాలీ ఆటోలో మిషన్లు ఎక్కిస్తున్నారు, గొల్లపల్లి దిక్కు ఇంకేదో సెంటరుకట. మబ్బు పట్టింది. డ్రైవర్ మిషన్ల మీద కప్పడానికి ఏమైనా ఉందా అని చుట్టూ చూసి, గోడ మీది ఫ్లెక్సీ పీకి కప్పి తాడుతో బిగించాడు. శిక్షణ, ఆర్డర్లు, ఆదాయం, ఆరోగ్యం, గౌరవం, అన్నీ వాన తగలకుండా పోయాయి. ఆచరణలో ఆ థియరీ పనికివచ్చింది నాకు తెలిసి ఆ ఒక్కసారే. కత్తెరలు మాత్రం ఎంత వెతికినా దొరకలేదని రాసుకుని వెళ్లిపోయారు.

గది సంఘానిది కాబట్టి మిగిలింది. ఆటో మలుపు తిరిగిందో లేదో, చాపలు పరిచారు. చాటల కింద నుంచి కత్తెరలు బయటికి వచ్చాయి. టీచరమ్మ ఇంటికి వెళ్లి కాసేపటికి తిరిగి వచ్చింది. చేతిలో చాట. దాని అంచున బూజు ఇంకా పూర్తిగా పోలేదు. చీర కొంగుతో తుడిచి, గుండ్రంలో ఖాళీ ఉన్నచోట కూర్చుంది. పక్కనామె అడగకుండానే కొన్ని ఆకులు ఆమె వైపు తోసింది.

"ట్యాబ్ తెచ్చినవా తమ్మీ?"

"లేదక్కా. రిపోర్టు అయిపోంగనే వాపస్ తీస్కున్నరు."

"తెస్తే రాస్కునేటోనివి. బీడీలు మానేసినామె ఈ ఊర్ల ఒక్కతే ఉండె. గిప్పుడు ఆమె గూడ లేదు."

మొదటి బీడీ వదులుగా వచ్చింది. విప్పి మళ్లీ చుట్టింది. రెండోది ఫరవాలేదు. నాకు జోకు ఏదైనా వేయాలనిపించింది. మామూలుగా నాకు అవి వెతుక్కోకుండానే దొరుకుతాయి. ఆ రోజు ఒక్కటీ దొరకలేదు.

ముసలమ్మ నా వైపు కత్తెర చాచింది. "ఊకె చూసుడేనా నీ నౌకరి? కూసో. ఆకు కత్తిరియ్యి."

కూర్చున్నాను. ఒక ఆకు కత్తిరించి ఇచ్చాను. ముసలమ్మ దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వెలుగుకు తిప్పి, అటూ ఇటూ చూసింది.

"వంకరున్నది," అని పక్కకు పారేసింది.